రీసెర్చ్‌కి అమెరికానే పోవాలా? మన ఆరోగ్యవరం కథ

నేను వాల్మీకిపురం నుంచి మాట్లాడుతున్నా. మా వీధిలో ఒక చెల్లెలు ఎంబీబీఎస్ చదువుతా ఉంది. మొన్న అడిగింది, "అన్నా, రీసెర్చ్ చేయాలంటే అమెరికానే పోవాలా?" అని. దానికి జవాబు మన మదనపల్లె పక్కనే ఉంది.

మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో క్షయ రోగుల కోసం శానిటోరియం తెరిచారు. దాన్ని నడిపింది డెన్మార్క్ డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్. అప్పటికి టీబీకి మందు లేదు. మంచి గాలి, విశ్రాంతి, తిండి, అంతే. ఆయన దగ్గర పనిచేసిన మన దేశపు డాక్టర్ పి.వి. బెంజమిన్ తర్వాత అదే శానిటోరియానికి పెద్ద అయ్యారు. స్వాతంత్ర్యం వచ్చాక భారత ప్రభుత్వానికే టీబీ సలహాదారు అయ్యారు. గురువు కూర్చున్న కుర్చీలో శిష్యుడు కూర్చోవడం, అసలు విషయం ఇదే.

1948లో మన దేశంలో బీసీజీ టీకా మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. 1950 నుంచి 1955 దాకా చుట్టుపక్కల పల్లెల జనం మీద పెద్ద టీబీ అధ్యయనం జరిగింది. యోహన్నెస్ ఫ్రిమోట్ మోలర్ రాసిన ఆ రిపోర్టును 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రిక అచ్చేసింది. మన పల్లె జనం చేయి చాపి పరీక్ష చేయించుకుంటేనే ఆ లెక్కలు వచ్చాయి.

ఇప్పుడు మద్రాసుకు పోదాం. 1956లో అక్కడ టీబీ పరిశోధన కేంద్రం పెట్టారు. మందులు వాడితే ఇంట్లో ఉన్నా శానిటోరియంలో ఉన్నంత బాగా నయమవుతుందని 1959లో తేల్చారు. అంటే ఆరోగ్యవరం లాంటి చోట్ల నెలలకొద్దీ పడుకునే అవసరమే తగ్గిపోయింది! ఆ పని నడిపించిన వాలెస్ ఫాక్స్ తర్వాత తూర్పు ఆఫ్రికా పరిశోధనల్లో కీలకమయ్యారు. ఆరు నెలల టీబీ కోర్సుకు దారి వేసింది కెన్యా, ఉగాండా, టాంజానియా, జాంబియా రోగుల మీద 1970ల్లో చేసిన ట్రయల్సే.

రోగులు వాళ్లు, ఊళ్లు వాళ్లవి. మరి పరిశోధకులు? ఆఫ్రికాలో ఈ ప్రశ్న ఇంకా ఉంది. 2010లో అమెరికా డబ్బుతో మెపీ అనే పథకం 12 దేశాల్లోని 13 విద్యాసంస్థలకు సాయం మొదలుపెట్టింది, వైద్యవిద్యనూ అక్కడి వాళ్ల పరిశోధననూ పెంచడానికి. ఇట్లాంటి పథకాలకు గడువు ఉంటుంది. గడువు అయినాక బిల్డింగు మిగిలితే చాలదు. బెంజమిన్ లాంటి ఒక మనిషి, ఆ మనిషి దగ్గర నేర్చుకునే ఇంకొకరు మిగలాలి.

అందుకే చెల్లెలికి చెప్పినా, ముందు నీ కాలేజీలోనే ఒక గైడ్‌ను పట్టుకోమ్మా అని. ఐసీఎంఆర్ వాళ్లు 1979లో మొదలుపెట్టిన ఎస్‌టీఎస్ మెడికల్ స్టూడెంట్ల కోసమే, రెండు నెలల చిన్న ప్రాజెక్టు. ప్రశ్న మాత్రం మన వార్డులోంచే రావాలి. రేపు నువ్వు పెద్ద డాక్టరైతే, నీ పక్కన ఒక జూనియర్‌కు కుర్చీ వేయడం మర్చిపోవద్దు. ఉంటా మరి.