ఇంటివాళ్ళకూ నేర్పాలి, ఇంటివాళ్ళనూ మోయాలి: డిచ్‌పల్లి చరిత్ర నుండి ఒక పాఠం



2015 సెప్టెంబరు, అక్టోబరు నెలలు మన జిల్లాలో చాలా ఇండ్లకు గుర్తుండే ఉంటాయి. ఆ రోజుల్లో ప్రభుత్వం కల్తీ కల్లు మీద గట్టిగా దాడులు చేసింది. క్లోరల్ హైడ్రేట్, డైజెపాం, అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలిపిన కల్లు ఒక్కసారిగా దొరకకుండా పోయింది. ఏండ్ల తరబడి దానికి అలవాటుపడిన శరీరాలు తట్టుకోలేకపోయాయి. చేతులు వణకడం, రాత్రంతా నిద్ర లేకపోవడం, ఫిట్స్ రావడం, లేని మనుషులు కనబడటం, తమలో తామే మాట్లాడుకోవడం మొదలైంది. నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందలమంది దవాఖానల పాలయ్యారు. కొందరు ప్రాణాలు కోల్పోయారు.

అప్పుడు కారణం అందరికీ తెలుసు. కల్లులో మందు కలిసింది, అది ఆగింది, అందుకే ఇట్లయింది అన్నారు. ఆటో ఎక్కించి దవాఖానకు తీసుకుపోయారు. కానీ అవే లక్షణాలు ఒక్క ఇంట్లో, ఒక్క మనిషికి, కల్లుతో సంబంధం లేకుండా వస్తే ఏం జరుగుతుంది? తలుపు మూసుకుంటుంది. గాలి సోకిందంటారు, బాణామతి చేశారంటారు. మన సంఘాల్లోనైతే దయ్యం పట్టిందంటారు. ఆ ఇంటి ఆడపిల్లకు సంబంధాలు రావు. తల్లి ఆదివారం ఆరాధనకు రావడం మానేస్తుంది. రోగికి మందు అందక ముందే ఇంటిల్లిపాదికీ సిగ్గు అందుతుంది.

ఈ సిగ్గు మన ప్రాంతానికి కొత్త కాదు. దీనిని ఒకసారి ఎదిరించిన చరిత్ర కూడా మనకు ఉంది. దాని పేరు డిచ్‌పల్లి.

వెస్లియన్ మిషన్ తరఫున వచ్చిన స్కాట్లాండ్ వైద్యురాలు డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ గారు నిజామాబాదులో సేవ చేస్తున్న కాలంలో కుష్ఠు వ్యాధిగ్రస్తులను ఊరి బయటికి తోసేసేవారు. కన్నవాళ్ళు కూడా ముట్టుకోవడానికి భయపడేవారు. పూర్వజన్మ పాపమని కొందరు, దేవుని శాపమని కొందరు అనేవారు. 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆసుపత్రి మొదలైంది. దానికి విరాళం ఇచ్చినవారిలో ముఖ్యులు స్థానిక హిందూ దాత రాజా నర్సాగౌడ్ గారు. ఈ సంగతి మనం మరచిపోకూడదు. ఆ పని మిషనరీలు ఒక్కరే చేసింది కాదు, ఈ ఊళ్ళు కూడా చేయి కలిపాయి. తరువాతి సంవత్సరాల్లో అక్కడ హిడ్నోకార్పస్ నూనె ఇంజెక్షన్లతో వైద్యం చేశారు. ఆనాటి ఆ మందు ఈనాటి మందులంత బలమైనది కాదు. అయినా ఒక మాట మాత్రం ఊరూరా తెలిసింది: ఇది శాపం కాదు, రోగం. రోగమైతే వైద్యం ఉంటుంది.

మనసుకు వచ్చే జబ్బు విషయంలో ఆ మాట మన ఇండ్లకు ఇంకా పూర్తిగా చేరలేదు. ఎందుకు చేరలేదో తెలియాలంటే ఆ జబ్బుకు మన దేశంలో వైద్యం ఎట్లా నడిచిందో చూడాలి.

నిజాం కాలంలో మానసిక రోగుల ఆసుపత్రి జాల్నాలో ఉండేది. 1953లో అది హైదరాబాదులోని ఎర్రగడ్డకు వచ్చింది. అక్కడ ఎంతోమంది బాగుపడ్డారు, ఇప్పటికీ బాగుపడుతున్నారు. కానీ జనం నోట్లో ఆ ఊరి పేరే ఒక తిట్టుగా మారింది. ఎవరైనా తిక్కగా మాట్లాడితే ఎర్రగడ్డకు పంపాలి అని నవ్వుకుంటాం. ఆ నవ్వు వింటున్నవారిలో అక్కడ బిడ్డను చేర్పించి వచ్చిన తండ్రి ఉండవచ్చు. అసలు ఆ రోజుల్లో పెద్ద ఆసుపత్రుల పద్ధతే అట్లా ఉండేది. రోగి గోడ లోపల, కుటుంబం గోడ బయట. రోగికి ఏం జరుగుతుందో ఇంటివాళ్ళకు తెలియదు. తిరిగి వచ్చాక ఎట్లా చూసుకోవాలో ఎవరూ నేర్పరు.

ఆ గోడను తొలగించిన వారిలో మొదటివాడు పంజాబులోని డాక్టర్ విద్యాసాగర్. 1950లలో ఆయన అమృత్‌సర్ మానసిక ఆసుపత్రి ఆవరణలో గుడారాలు వేయించి, రోగులతో పాటు వాళ్ళ కుటుంబాలను కూడా ఉండనిచ్చారు. జబ్బు ఏమిటో, మందు ఎందుకో ఇంటివాళ్ళను కూర్చోబెట్టి చెప్పేవారు. రోగులు త్వరగా ఇల్లు చేరారు. ఇంటివాళ్ళకు భయం తగ్గింది. 1957లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల వారు బాగాయంలో మానసిక వైద్య కేంద్రాన్ని ప్రారంభించారు. అక్కడ కూడా రోగితో పాటు ఇంటి మనిషి ఉండటం వైద్యంలో భాగం. వెల్లూరు పేరు వింటే మన విశ్వాసులకు గుండె ఆపరేషన్లు గుర్తుకొస్తాయి. ఇది కూడా గుర్తుండాలి.

మరొక మాట. సువార్తికుడు స్టాన్లీ జోన్స్ గారి పేరు మీలో చాలామంది విన్నదే. 1907లో మన దేశానికి వచ్చిన ఆయన, తొలి సంవత్సరాల్లో మానసికంగా పదే పదే కుప్పకూలిపోయారు. విశ్రాంతికి స్వదేశం వెళ్ళి వచ్చినా అదే పరిస్థితి. లక్నోలో ప్రార్థనలో తనకు విడుదల దొరికిందని ఆయనే సాక్ష్యమిచ్చారు. అయితే ఆ సాక్ష్యం చెప్పిన మనిషే తరువాత అదే లక్నోలో నూర్ మంజిల్ అనే మానసిక వైద్య కేంద్రాన్ని స్థాపించి, వైద్యులను పెట్టి నడిపించారు. ప్రార్థనను నమ్మినవాడు మందును తోసివేయలేదు. ఈ రెండింటి మధ్య పోటీ పెట్టేవాళ్ళు ఆయన జీవితాన్ని ఒకసారి చదవాలి.

ప్రభుత్వం కూడా నెమ్మదిగా ఈ దారికే వచ్చింది. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. బెంగళూరు నిమ్‌హాన్స్ వైద్యులు 1985 నుండి బళ్ళారి జిల్లాలో మామూలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, పల్లెల్లోనే వైద్యం అందించవచ్చని చూపించారు. 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి దేశంలో తొలిగా ఎన్నుకున్న జిల్లాల్లో మన పక్కనున్న మెదక్ ఒకటి.

ఇవన్నీ జరుగుతుండగానే 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో ఘోరం జరిగింది. దర్గా దగ్గర బాగవుతుందని ఇంటివాళ్ళు వదిలిపెట్టిన రోగులను ఒక పాకలో గొలుసులతో కట్టేసి ఉంచారు. నిప్పు అంటుకుంది. 28 మంది చనిపోయారు. గొలుసులు ఉండటం వల్ల పరుగెత్తలేకపోయారు. దీన్ని వేరే మతం వాళ్ళ సంగతి అని తోసేయకండి. స్వస్థత పేరుతో మనిషిని కట్టేయడం, కొట్టడం, ఉపవాసమని అన్నం పెట్టకపోవడం ఏ గుమ్మంలో జరిగినా అది ఎర్వాడియే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో కట్టడాన్ని పూర్తిగా నిషేధించింది. ప్రభుత్వ దవాఖానలో వైద్యం పొందడం రోగి హక్కు అని కూడా చెప్పింది.

ప్రియులారా, ఈ చరిత్ర అంతటిలో మాకు కనబడే సత్యం ఒక్కటే. ఇంటివాళ్ళను పక్కకు తోసిన చోట రోగి ఒంటరివాడయ్యాడు. ఇంటివాళ్ళకు నేర్పిన చోట రోగి నిలబడ్డాడు.

ఏం నేర్పాలి? మొదటిది, ఈ జబ్బు ఎవరి పాపం వల్లా, తల్లి పెంపకం వల్లా వచ్చింది కాదు. రెండోది, మాట తీరు మందులో సగం. జార్జ్ బ్రౌన్ అనే పరిశోధకుడు లండనులో, ఆసుపత్రి నుండి ఇంటికి వెళ్ళిన రోగులను చాలా ఏండ్లు పరిశీలించారు. అస్తమానం తప్పులు పట్టే, విసుక్కునే ఇండ్లకు వెళ్ళినవారికి జబ్బు మళ్ళీ తిరగబెట్టడం ఎక్కువని తేలింది. పని చేయకుండా పడుకున్నాడని రోజూ సూటిపోటి మాటలు అంటే గాయం మానదు. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. బాగున్నట్టు కనబడగానే మందులు ఆపకూడదు. ఎవరో కూడికలో చేతులుంచి, ఇక మాత్రలు పారేయండి, విశ్వసించండి అంటే పారేయకండి. 2015లో మనం కళ్ళారా చూశాం, కొన్ని పదార్థాలు హఠాత్తుగా ఆగితే శరీరం, మనసు రెండూ అదుపు తప్పుతాయి. వైద్యుడు ఇచ్చిన మాత్ర కల్తీ కల్లు కాదు. కానీ దాన్ని తగ్గించాలన్నా, ఆపాలన్నా వైద్యుడే చెప్పాలి. ప్రార్థన చేయించుకోండి, మాత్ర కూడా వేసుకోండి. రెంటికీ దేవుడే ఆధారం.

వాక్యం కూడా ఇదే చూపిస్తుంది. ఏలీయా చచ్చిపోతే బాగుండునని బదరీ చెట్టు కింద పడుకున్నప్పుడు దేవుడు ముందు గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు, దూతచేత రొట్టె పెట్టించాడు, నీళ్ళు ఇప్పించాడు. ఆ తరువాతే మాట్లాడాడు. గెరాసేనుల దేశంలో గొలుసులు తెంచుకొని సమాధుల్లో తిరిగిన మనిషిని యేసు ప్రభువు బాగుచేసి తన వెంట తీసుకుపోలేదు, తన ఇంటివారి దగ్గరికి పంపాడు. పక్షవాయువు గలవాడిని నలుగురు మోసుకొచ్చి ఇంటికప్పు విప్పి దించారు. ప్రభువు చూసింది ఆ మోసినవాళ్ళ విశ్వాసాన్ని కూడా. మన సంఘంలో ఆ నలుగురు ఎవరు?

బోధన్ చెరుకు ప్రాంతంలో ఇది తేలిక మాట కాదని మాకు తెలుసు. శక్కర్‌నగర్‌లో 1937లో మొదలైన నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. ఎంతోమంది భర్తలు, కొడుకులు దుబాయి, మస్కట్ పోయారు. ఇంట్లో మిగిలిన ఆడవాళ్ళు బీడీలు చుట్టి సంసారం లాగుతున్నారు. అలాంటి ఇంట్లో ఒకరికి మనసు బాగాలేకపోతే దవాఖానకు పోయిన రోజు బీడీ కూలి పోతుంది. ఆ కుటుంబానికి వాక్యంతో పాటు తోడు కావాలి.

అందుకే సంఘంగా మనం ఈ నాలుగు పనులు చేద్దాం. నిజామాబాద్ ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుడిని కలవడానికి పోయే కుటుంబంతో సంఘం నుండి ఒకరు వెళ్ళాలి. నెలకు ఒకసారి ఇలాంటి ఇంటివాళ్ళు కలిసి కూర్చొని మాట్లాడుకోవాలి. అక్కడ విన్నది బయటికి పోకూడదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం మానసిక అనారోగ్యం కూడా వైకల్యాల్లో ఒకటి కాబట్టి, అర్హులైనవారికి వైకల్య ధృవపత్రం కోసం యువకులు సాయం చేయాలి. రాత్రిపూట దారి తోచకపోతే టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేయవచ్చు. అది ఉచితం, తెలుగులో మాట్లాడతారు, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. చచ్చిపోవాలనుంది అని ఎవరైనా అంటే దాన్ని ఉత్త మాటగా తీసుకోకండి. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. వెంటనే దవాఖానకు తీసుకువెళ్ళండి.

నూరేండ్ల కింద కుష్ఠు వచ్చినవారిని తాకడానికి డిచ్‌పల్లిలో కొందరు చేయి చాచారు. ఈనాడు మన వీధిలో మూసి ఉన్న తలుపు తట్టడానికి మన చేయి కావాలి. ఈ వారం ఒక్క ఇంటికి వెళ్ళండి. బోధించకండి, అడగకండి, కాసేపు కూర్చోండి. ఆ ఇంటివాళ్ళే మాట్లాడతారు.

భారము మోయువారిని మోయు ప్రభువు మనకు ఆ కృప దయచేయును గాక. ఆమేన్.