లక్కకు వచ్చిన సవతి

దుర్యోధనుడి పుణ్యమా అని మనకి లక్క అనగానే ముందు లక్క ఇల్లే గుర్తొస్తుంది. ఆ తరవాత లక్కపిడతలు. వాటిల్లో ఉత్తుత్తి అన్నం వండి బొమ్మలకి పెళ్ళి చెయ్యని ఆడపిల్ల ఎవరున్నారు చెప్పండి! మూడోది, హైదరాబాదు పాతబస్తీ లక్క గాజులు.

1591లో కట్టిన చార్మినార్‌కి పడమటి వైపు వీధే లాడ్ బజార్. ఆ పేరు లక్క నుంచి వచ్చిందని కొందరూ, ఉర్దూలో 'లాడ్' అంటే గారాబం కనక అలా వచ్చిందని కొందరూ అంటారు. ఏదైతేనేం, మనకి రెండూ ఇష్టమే! మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద చిన్న చిన్న పురుగులు పెట్టే బంకే లక్క. దాన్ని బొగ్గుల సెగ మీద మెత్తబరిచి, రంగు కలిపి, సాగదీసి, గుండ్రంగా చుట్టి, ఆ వేడి మీదే అద్దాలూ రాళ్ళూ ఒక్కొక్కటే అద్దుతారు. 2024లో ఈ గాజులకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

మరి ప్లాస్టిక్కుకీ లక్కకీ చుట్టరికం ఏమిటంటారా? ఉందండీ! కరెంటు వచ్చిన కొత్తల్లో షాకు కొట్టకుండా తీగలకీ యంత్రాలకీ పూయడానికి లక్కే కావలసివచ్చేది. గ్రామఫోను రికార్డులకీ లక్కే. అందులో ఎక్కువ భాగం మన దేశం నుంచే వెళ్ళేది. కానీ పురుగులు మాత్రం పాపం ఎంతని పెడతాయి? అందుకని అమెరికాలో స్థిరపడిన బెల్జియం శాస్త్రజ్ఞుడు లియో బేక్‌లాండ్ లక్కకి మారు కోసం వెతికి వెతికి, 1907లో బేకలైట్ తయారుచేశాడు. పూర్తిగా రసాయనాలతో పుట్టిన తొలి ప్లాస్టిక్కు అదే. పాత ఇళ్ళలోని నల్లటి స్విచ్చులు చాలామటుకు దానితో చేసినవే.

అలా లక్కకి సవతి వచ్చింది. వచ్చి ఓ మూల కూర్చుందా? 1933లో ఇంగ్లండులో పాలిథిన్ పుట్టింది. 1965లో స్వీడన్ కంపెనీ ఒకటి ప్లాస్టిక్ సంచికి పేటెంటు తీసుకుంది. ఇంకేముంది, బిందె, బకెట్టు, దువ్వెన, పోపులపెట్టె, ఒకటేమిటి, ఇల్లంతా దానిదే!

అయితే దాన్ని లోపలికి రానిచ్చారని ఆడవాళ్ళని ఆడిపోసుకోవడం అన్యాయం. ఇత్తడి బిందె ఖాళీగా ఉన్నా బరువే, నీళ్ళు నింపి చంకనెత్తుకుంటే నడుం విరిగేది. పైగా చింతపండు పెట్టి తోమాలి. వంట గిన్నెలకి కళాయి పోతే కళాయివాడి కేక కోసం వీధిలోకి చెవులొగ్గి కూర్చోవాలి. ప్లాస్టిక్ బిందె ఆ చాకిరీ తగ్గించింది. "మళ్ళీ రాగీ ఇత్తడీ వాడండమ్మా" అని హితవు చెప్పే పెద్దమనుషులు, వాటిని తోమేదెవరో కూడా చెబితే బాగుంటుంది.

అందుకే ఉన్న బిందెలూ బకెట్లూ పగిలేదాకా వాడుకుందాం. ముందు వదిలించుకోవలసినవి ఒక్క పూట వాడి పారేసేవి. ప్లాస్టిక్ పళ్ళేలు, కప్పులు, చెంచాలు, స్ట్రాలు 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం. 120 మైక్రాన్లకన్నా పల్చటి సంచులు అదే ఏడాది డిసెంబరు 31 నుంచి నిషేధం. చట్టం దుకాణం దాకా వస్తుంది గానీ, వంటింట్లోకి రాదు కదా. అక్కడ మనమే పూనుకోవాలి. పాత చీర చెంగుతో కుట్టిన సంచీ, మిగిలిన కూర దాచడానికి మూత ఉన్న స్టీలు గిన్నే చాలు, అవి చాకిరీ పెంచవు. పేరంటానికో వ్రతానికో నలుగురొస్తే మోదుగాకు విస్తళ్ళున్నాయి. లక్క పురుగుకి నీడనిచ్చే చెట్టే మనకి విస్తరి కూడా ఇస్తోంది చూడండి!

ఈసారి లాడ్ బజార్ వెళ్ళినప్పుడు "ఇది లక్కేనా?" అని గట్టిగా అడిగి మరీ కొనండి. కాగితంలో చుట్టి ఇమ్మనండి. ఇంక సంచి సంగతంటారా, గాజులు వేయించుకునే చేతులే దాన్నీ మోయాలని ఏ శాస్త్రంలోనూ లేదు. వెంట వచ్చిన శ్రీవారి చేతులు ఖాళీగానే ఉంటాయి.