జీతం నుంచి బడికి: అజీజ్‌నగర్ చుట్టుపక్కల ఊరిబడి పుట్టుపూర్వోత్తరాలు

ఊరిబడి ఎప్పుడు పుట్టిందని అడిగితే గోడకున్న శిలాఫలకం చూపిస్తారు. దాని మీద ఉండేది గదులు కట్టిన సంవత్సరం, రిబ్బను కత్తిరించిన మంత్రి పేరు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల నడుమ ఉన్న అజీజ్‌నగర్ నుంచి మొయినాబాద్, చేవెళ్ల దాకా ఏ ఊళ్లో అడిగినా ఇదే తంతు. ఇక్కడ ఊరికి బడి రావడం ఒక ఘట్టం. ఊరి పిల్లలంతా ఆ బడికి రావడం మరో ఘట్టం. నా దృష్టిలో బడి నిజంగా పుట్టింది ఆ రెండో ఘట్టంలోనే.

సర్కారు బడికి ముందు తెలంగాణ పల్లెల్లో ఉన్నది ఖాన్గీ (ప్రైవేటు) బడి. జనం నోట అది కానిగి బడి. పంతులు ఇంటి అరుగో, గుడి మండపమో, చెట్టు నీడో చాలు. నేల మీద ఇసుక పరిచి, పిల్లవాడి చూపుడు వేలు పట్టుకొని ఓనమాలు దిద్దించేవారు. వేలు కందేదాకా దిద్దాక పలకా బలపం, ఆ తర్వాత పెద్దబాలశిక్ష, శతక పద్యాలు, ఎక్కాలు. పంతులుకు జీతం చాలాచోట్ల గింజల రూపంలోనే ముట్టేది. దసరాకు పిల్లలను వెంటబెట్టుకొని ఇల్లిల్లూ తిరిగితే నాలుగు డబ్బులు వచ్చేవి. ఆ పంతుళ్ల ఓర్పుకు దండం పెట్టాల్సిందే. కానీ ఆ అరుగు మీద కూర్చున్నది ఎవరి పిల్లలో కూడా చెప్పుకోవాలి. కలిగినవాళ్ల పిల్లలు, పై కులాల పిల్లలు, అందులోనూ మగపిల్లలు. వెట్టి చేసే ఇంటి పిల్లవాడికి ఆ ఇసుక దక్కలేదు.

నిజాం రాజ్యంలో ఆధునిక విద్యకు 1850ల్లో దివాన్ సాలార్‌జంగ్ స్థాపించిన దారుల్ ఉలూమ్ పాఠశాలతో పునాది పడింది. అది నగరం మాట. నగరాన్ని ఆనుకొని ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా నిజాం సొంత ఖర్చుల కింది సర్ఫ్-ఎ-ఖాస్ భూమి. దాని ఆదాయం ఖజానాకు చేరినంత తేలిగ్గా పల్లెకు పలక చేరలేదు. రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడేది తెలుగు, పెద్ద చదువు ఉర్దూలో. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం భారతీయ భాషలో ఉన్నత విద్య నేర్పిన గొప్ప ప్రయోగమే. తెలుగు పల్లె పిల్లవాడికి మాత్రం ఆ ఉర్దూ కూడా పరాయి భాషే అయింది. దానికి తోడు 1920ల్లో ఖాన్గీ బడులకు సర్కారు అనుమతి తప్పనిసరి చేశారు. అనుమతి చేతికందక ఎన్నో అరుగు బడులు మూతపడ్డాయి.

ఆ నిబంధనలు తీసేయాలనీ, మాతృభాషలో ప్రాథమిక విద్య నేర్పాలనీ నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ల ఆంధ్ర మహాసభలు గొంతెత్తాయి. 1936లో షాద్‌నగర్ మహాసభకు అధ్యక్షత వహించిన కొండా వెంకట రంగారెడ్డి ఈ నేలవాడే. మొయినాబాద్ దగ్గరి పెద్దమంగళారంలో 1890లో పుట్టారు. 1978లో ఏర్పడిన రంగారెడ్డి జిల్లాకు ఆయన పేరే పెట్టారు. పరాయి భాషలో చదవాల్సిన ఈ బాధ పోలండ్ ఊళ్లూ పడ్డాయి. ప్రష్యా ఏలుబడిలో ఉన్న వ్జెశ్న్యా ఊళ్లో 1901లో మతపాఠం జర్మన్‌లో అప్పజెప్పబోమని పిల్లలు మొండికేశారు. బెత్తం దెబ్బలు తిన్నారు. అడ్డుపోయిన తల్లిదండ్రులు జైలుకు వెళ్లారు.

1948లో నిజాం రాజ్యం భారత్‌లో కలిశాక ఇక్కడ బడి భాష తెలుగైంది. 1959లో పంచాయతీ రాజ్ వచ్చాక ప్రాథమిక పాఠశాలలు సమితుల చేతికి, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తుల చేతికి వెళ్లాయి. చాలా ఊళ్లలో ఒకే గది, ఒకే సారు, ఐదు తరగతులు. పుట్టిన తేదీ కాగితం ఎవరి దగ్గరా ఉండేది కాదు. కుడిచెయ్యి తల మీదుగా తిప్పి ఎడమ చెవి అందుకుంటే ఐదేళ్లు నిండినట్టు. సారు జూన్‌లోనో జూలైలోనో ఒక తేదీ రాసేసేవారు. ఆ తేదీతోనే ఈనాటికీ పెన్షన్లు తీసుకుంటున్నవాళ్లు ఉన్నారు.

అయినా చెవి అందినవాళ్లంతా బడిలో నిలవలేదు. అప్పు కింద పిల్లవాణ్ణి ఆసామి దగ్గర ఏడాదికి జీతం పెట్టేవారు. పొద్దున లేచి కొట్టం ఊడ్చి, పసుల వెంట పోయి, మాపటికి వస్తే తిండి. ఆడపిల్లయితే చంకలో చెల్లె, నెత్తిన బిందె.

ఈ ముడి విప్పింది 1991లో. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం బోధించే శాంతా సిన్హా, తన తాత మామిడిపూడి వెంకటరంగయ్య పేరిట నడిచే ఫౌండేషన్ ద్వారా రంగారెడ్డి జిల్లా పల్లెల్లో జీతానికున్న పిల్లలను విడిపించే పని మొదలుపెట్టారు. పని క్రమంగా శంకర్‌పల్లి, చేవెళ్ల, మొయినాబాద్ వైపు పల్లెలకు విస్తరించింది. అప్పటికి చదువుకున్నవాళ్లు నమ్మే మాట ఒకటుండేది: పేదవాడు పిల్లల కూలి లేకుంటే బతకలేడు, కాబట్టి రాత్రి బడి పెడదాం. ఈ సంస్థ రాత్రి బడిని ఒప్పుకోలేదు. పగటి బడిలో లేని ప్రతి పిల్లా బాల కార్మికురాలే అంది. ఇంటింటికీ తిరిగితే తేలిందేమిటంటే, బిడ్డను బడికి పంపాలన్న కోరిక పేద తల్లిదండ్రుల్లో గట్టిగానే ఉంది. ఎవరిని అడగాలో, ఏ కాగితం కావాలో, పదేళ్లవాణ్ణి ఏ తరగతిలో కూర్చోబెడతారో తెలియదు, అంతే.

ఆ చివరి ప్రశ్నకు జవాబే చదువుల శిబిరం. పన్నెండేళ్ల పిల్లవాణ్ణి ఒకటో తరగతి పసివాళ్ల మధ్య కూర్చోబెడితే సిగ్గుతో రెండో రోజే పారిపోతాడు. అందుకని కొన్ని నెలలు శిబిరంలో ఉంచి, ఆటపాటలతో మొదలుపెట్టి, చదవడం రాయడం నేర్పి, ఈడుకు తగ్గ తరగతిలో చేర్పించేవారు. ఇంట్లో తొలిసారి చదువుకున్న ఊరి యువకులే కార్యకర్తలు. ఆసామితో మాట్లాడి జీతం మాన్పించడం, ఆడపిల్ల పెళ్లి ఆపించడం, బడి మానేసినవాళ్ల ఇంటికి మళ్లీ మళ్లీ పోవడం వాళ్ల పని. సర్కారు పంతుళ్లు కూడా బాల కార్మిక విమోచన వేదికగా కూడారు. పిల్లలు వచ్చేసరికి గదులు చాలలేదు, సార్లు చాలలేదు. కొన్ని ఊళ్లు చందాలేసుకొని అదనపు పంతుళ్లను పెట్టుకున్నాయి. ఊరిబడి ఊరిది అయింది అప్పుడేనని నేననుకుంటాను.

2003లో శాంతా సిన్హాకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు తొలి అధ్యక్షురాలయ్యారు. 2009 విద్యాహక్కు చట్టం, బడికి దూరమైన పిల్లలను ఈడుకు తగ్గ తరగతిలో చేర్చి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలంటుంది. ఈ పల్లెల శిబిరాల్లో చేసి చూపిన పని అది.

ఇప్పుడు అజీజ్‌నగర్ గేట్ దగ్గర దిగితే ఇంజనీరింగ్ కాలేజీల బోర్డులు కనిపిస్తాయి. 2022-23 నుంచి సర్కారు బడి కూడా ఇంగ్లీషు మీడియం బాట పట్టింది. జీతగాళ్లు పోయారు గానీ ఫాంహౌస్ కాపలా ఇళ్లలో, కట్టడాల దగ్గర, జిల్లాలోని ఇటుక బట్టీల్లో ఒడిశా నుంచి, ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన కూలీల పిల్లలున్నారు. బట్టీల దగ్గర ఒడియాలో చెప్పే బడులు కొన్ని నడిచాయి. బట్టీ పని ముగిసి కుటుంబం కదలగానే చదువూ తెగిపోతుంది. జూన్‌లో పిల్లలను బడిలో చేర్పించే బడిబాటకు బయలుదేరే సార్లు, టీచర్లు ఆ కాపలా ఇళ్ల గేట్లు కూడా తట్టాలి. చట్టం ప్రకారం ఆ పిల్లలను చేర్చుకోవడానికి బదిలీ పత్రం (టీసీ) గానీ, పుట్టిన తేదీ పత్రం గానీ లేకపోవడం అడ్డు కాదు.