సేవ్ చేసుకోలేదా?

కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో జిరాక్స్ కంపెనీకి ఒక పరిశోధన కేంద్రం ఉండేది. 1974లో బట్లర్ లాంప్సన్, చార్లెస్ సిమొన్యీ, వారి సహచరులు కలిసి అక్కడ బ్రావో అనే రాత ప్రోగ్రాం తయారుచేశారు. కాగితం మీద ఎలా అచ్చవుతుందో తెర మీదా అలాగే కనిపించడం దాని గొప్ప. పేచీ ఒక్కటే: మీట నొక్కితే ఒక్కోసారి అక్షరం పడుతుంది, ఒక్కోసారి అదే ఆజ్ఞ అవుతుంది. ఆజ్ఞల దశలో ఉన్నామన్న సంగతి మరిచి ఎవరైనా ఇంగ్లిషులో ‘ఎడిట్’ అని టైపు చేశారనుకోండి. ‘ఇ’ అంటే మొత్తం ఎంచుకో. ‘డి’ అంటే తీసెయ్. ‘ఐ’ అంటే ఇక మీదట కొట్టేది రాసుకో. చివరికి మిగిలింది ‘టి’. వ్యాసమంతా పోయి ఆ ఒక్క అక్షరం తెర మీద నిలబడేది. చేసినదాన్ని రద్దు చేసుకునే వీలు ఒక్క మెట్టుకే కాబట్టి, మహా అయితే ఆ ‘టి’ని తుడిపేయొచ్చు. వ్యాసం మాత్రం రాదు.

అయినా దారి ఉండేది. బ్రావో తరచూ కుప్పకూలుతుందని చేసినవాళ్లకు బాగా తెలుసు. అందుకే రాసేవాళ్లు ఏం నొక్కినా అదంతా వరసగా నమోదయ్యే ఏర్పాటు పెట్టారు. ఏదైనా జరిగితే ఆ నమోదును మొదటి నుంచీ మళ్లీ నడిపించడమే. తెర మీద అక్షరాలు వాటంతటవే పడేవి, చెరిగేవి, పేరాలు జరిగేవి. పొరపాటు చోటికి వచ్చేలోపు ఆపేస్తే రాత దక్కినట్టే. మన పాత షావుకార్లు చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలు పెట్టేవాళ్లు. జరిగింది జరిగినట్టు రోజువారీగా చిట్టాలో ఎక్కేది. ఎవరి ఖాతా ఎంతకు తేలిందో ఆవర్జాలో ఉండేది. ఆవర్జా పోయినా చిట్టా చూసి మళ్లీ కట్టుకోవచ్చు. చిట్టా పోతే కట్టడం కష్టం. బ్రావో దాచింది చిట్టాని. ఇంత చక్కని ఉపాయం చేతిలో ఉండీ, ఆ తరవాత దాదాపు ముప్ఫై అయిదేళ్లు మామూలు జనం వాడే ప్రోగ్రాములు ఆవర్జాకే నకళ్లు తీస్తూ కూర్చున్నాయి.

అసలు రాత ఎందుకు పోవాలి? అంతకుముందు కంప్యూటర్లలో కోర్ మెమరీ ఉండేది. సన్నటి ఫెర్రైట్ రింగులను తీగల అల్లికలో గుచ్చి చేసేవాళ్లు. ఒక్కో రింగు ఏ వైపు అయస్కాంతీకరణ చెందిందన్నదే ఒక్కో బిట్. కరెంటు పోయినా రింగు తిప్పుకోదు, ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. ఐబీఎంలో రాబర్ట్ డెనార్డ్ 1960ల చివర్లో కనిపెట్టిన డైనమిక్ ర్యామ్ ఆ మెమరీని తోసేసింది. 1970లో ఇంటెల్ 1103 చిప్ వచ్చాక చవకా, చిన్నదీ అదే అయింది. ఇందులో ప్రతి బిట్టూ ఒక బుల్లి కెపాసిటర్‌లోని ఛార్జి. అది కారిపోతూ ఉంటుంది కాబట్టి, సాధారణంగా 64 మిల్లీసెకన్లకోసారైనా చదివి మళ్లీ నింపాలి. సరఫరా ఆగితే నింపే నాథుడు లేడు. చవక మెమరీతో పాటు రాతను పోగొట్టుకునే అవకాశం కూడా టేబుల్ మీదికి వచ్చింది.

బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో బిల్ జాయ్ 1976లో వీఐ ఎడిటర్ రాసేనాటికి, ఒకే కంప్యూటర్‌ని పది మంది టెర్మినళ్ల మీద పంచుకునేవాళ్లు. కొందరైతే ఫోన్ లైను మీద ఇంటి నుంచి. లైను తెగడం మామూలు. తెగితే, లేదా మొత్తం సిస్టమే కూలితే, అప్పటిదాకా కొట్టినదాన్ని వీఐ ఒక పక్కన భద్రం చేసి, ఫలానా ఫైలు కాపీ ఉంది, ఇలా తెచ్చుకోండి అని ఆసామికి మెయిల్ పంపేది. ఇంత మర్యాద ఈనాటి చాలా వెబ్‌సైట్లకు లేదు.

రిచర్డ్ స్టాల్‌మన్ ఎడిటర్ ఈమాక్స్ ఇంకో పద్ధతి పట్టింది. మీరు అడగకుండానే సుమారు 300 నొక్కులకోసారి, లేదా కాసేపు చెయ్యి ఆగినప్పుడు, నకలు తీస్తుంది. అసలు ఫైలు జోలికి మాత్రం పోదు. పేరుకు అటూ ఇటూ హాష్ గుర్తు తగిలించిన వేరే ఫైలులో పెడుతుంది. రాసేవాడు పొద్దంతా కొట్టి, ఛీ ఇదంతా వద్దులే, పొద్దుటిదే నయం అనుకోవచ్చు. యంత్రం తనంత తానుగా అసలు ఫైలు మీదే రాసేస్తే ఆ స్వేచ్ఛ పోతుంది. రాతను కాపాడటం వేరు, రాసినవాడి తరఫున నిర్ణయం తీసుకోవడం వేరు. ఈ తేడాని ముందే పట్టుకున్నందుకు ఈమాక్స్‌కి దణ్ణం పెట్టాలి. ఆపిల్ 2011లో మాక్ లయన్‌తో అసలు ఫైలు మీదే తనంతట తాను సేవ్ చేసే పద్ధతి తెచ్చి, ‘సేవ్ యాజ్’ తీసేసింది. పాత ఉత్తరం తెరిచి, నాలుగు మాటలు మార్చి కొత్త పేరుతో దాచుకునే అలవాటున్నవాళ్లు గోల పెట్టారు. మరుసటి ఏడాది ఆప్షన్ మీట వెనక దాన్ని మళ్లీ తెచ్చి పెట్టాల్సి వచ్చింది.

సిమొన్యీ 1981లో మైక్రోసాఫ్ట్‌కు వెళ్లాడు. 1983లో వర్డ్ వచ్చింది. బ్రావో నుంచి దానికి చాలా సంక్రమించాయి కాని, నొక్కినదల్లా నమోదు చేసి తిరిగి నడిపించే గుణం రాలేదు. తరవాతి వర్డ్‌లలో పది నిమిషాలకోసారి నకలు తీసే ఆటో రికవర్ వచ్చింది. డిస్కులు నెమ్మది, తీసేటప్పుడు యంత్రం కాసేపు బిగుసుకుపోయేది, కాబట్టి పది నిమిషాలన్నది రాజీ లెక్క. చెయ్యి తిరిగిన టైపిస్టుకి పది నిమిషాలంటే ఒక నిండు పేజీ. అది పోతే, యంత్రం చేయలేని పనికి జవాబుదారీ మనిషిదయ్యేది. సానుభూతి కన్నా ముందు ప్రశ్న వచ్చేది: సేవ్ చేసుకోలేదా?

ఈ ప్రశ్న బాగా మోగింది మన డీటీపీ సెంటర్లలోనే. అచ్చు పని మీద హైదరాబాదులోనో విజయవాడలోనో కాసేపు కూర్చున్నవాళ్లకు ఆ దృశ్యం తెలిసిందే. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, పక్కన క్లిప్పుకు పెట్టిన చేతిరాత కాగితం. వేసవి కోతల కాలం. ఫ్యాను ఆగుతుంది, యూపీఎస్ కీచుమంటుంది. బ్యాటరీ ముసలిదైతే ఆ కీచుమనడం కూడా పూర్తికాకుండానే తెర నల్లబడుతుంది. “సేవ్ చేసుకోలేదా బాబూ?” “చేసేలోపే పోయింది సార్.” కరెంటు వచ్చాక తెరిస్తే తరచూ సగమో ముప్పాతికో దొరికేది. అది అదృష్టం కాదు. ఆల్డస్ కంపెనీ 1985లో తెచ్చిన పేజ్‌మేకర్‌లో మినీ సేవ్ అనేదొకటి ఉంది. పేజీ మారినప్పుడు, కొత్త పేజీ చేర్చినప్పుడు, ప్రింటు ఇచ్చినప్పుడు అది చప్పుడు లేకుండా నకలు పెట్టేస్తుంది. అయితే చూడండి, నవల వేసే ఆపరేటరు పేజీలు తిప్పుతూనే ఉంటాడు, అతనికి కాపు దొరుకుతుంది. శుభలేఖ వేసేవాడిది ఒక్కటే పేజీ. తిప్పేదేముంది? ముహూర్తం, వంశనామం, బంధుమిత్రుల అభినందనలతో సహా పోయేది. ప్రతి వాక్యానికీ ఎడమ చెయ్యి దానంతట అదే కంట్రోల్ ఎస్ మీదికి పోయే ఆపరేటర్లు అలా తయారయ్యారు.

మాకింటాష్ ప్రాజెక్టు మొదలుపెట్టిన జెఫ్ రాస్కిన్ 2000లో వెలువరించిన పుస్తకంలో రాతను కాపాడే బాధ్యత యంత్రానిదేనని ఏకంగా నియమం చేశాడు. ఐజాక్ అసిమోవ్ కథల్లో రోబోలకు పెట్టిన మొదటి కట్టుబాటుని కంప్యూటర్‌కి వర్తింపజేసి, మనిషి చేసిన పనికి అది హాని చేయకూడదు, చేతులు ముడుచుకుని కూర్చుని హాని జరగనివ్వనూ కూడదు అన్నాడు.

ఆ మాట చదివినవాళ్లు చదువుతుండగానే రాత బ్రౌజర్‌లోకి మారిపోయింది. అక్కడ పరిస్థితి మరీ అన్యాయం. వెబ్ పేజీలోని పెట్టెలో మనం కొట్టేది మన కంప్యూటర్ మెమరీలోనే ఉంటుంది. సబ్మిట్ నొక్కేదాకా అవతలి సర్వర్‌కి ఆ సంగతే తెలియదు. మనం చెమటోడ్చి రాస్తుంటే, ఈ మనిషి దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు, వెళ్లిపోయాడు కాబోలు అనుకుని అది లాగిన్ తెంపేస్తుంది. ఆన్‌లైన్ దరఖాస్తులు నింపినవాళ్లకు ‘సెషన్ ఎక్స్‌పైర్డ్’ అన్న మాట కొత్తగా చెప్పక్కర్లేదు. ఎక్కువసేపు ఆలోచించి రాసినవాళ్లకే దెబ్బ ఎక్కువ.

దీనికి విరుగుడు ఈమెయిల్ పని చేసేవాళ్ల చేతుల్లో పుట్టింది. పేజీని మళ్లీ లోడు చేయకుండానే తెర వెనక సర్వర్‌తో మాట్లాడే పద్ధతిని మైక్రోసాఫ్ట్ ఔట్‌లుక్ వెబ్ బృందం తమ అవసరం కోసం కట్టుకుంది. 1999లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5తో అది బయటికొచ్చింది. 2005లో శామ్ షిల్లేస్, స్టీవ్ న్యూమన్, క్లాడియా కార్పెంటర్ ముగ్గురూ రైట్లీ అనే రాత పనిముట్టును బ్రౌజర్‌లోనే నడిపారు. మరుసటి మార్చిలో గూగుల్ దాన్ని కొనేసింది. గూగుల్ డాక్స్ అయింది. 2010లో దాని ఎడిటర్‌ని కొత్తగా రాసినప్పుడు చిట్టా తిరిగొచ్చింది. ఫలానా చోట ఈ అక్షరం చేరింది, ఫలానా చోట ఇది పోయింది అంటూ మార్పులు వెంటవెంటనే సర్వర్‌కు వెళ్తాయి. ఒకే పేరాని ఇద్దరు ఒకేసారి దిద్దితే ఎవరి మార్పు ఎక్కడికి జరగాలో తేల్చే లెక్కని ఎల్లిస్, గిబ్స్ 1989లోనే చెప్పి ఉన్నారు. డాక్యుమెంటు అంటే ఇప్పుడు ఆ మార్పుల వరసే.

అన్ని చోట్లా ఇంత ఏర్పాటు లేదు. వర్డ్‌ప్రెస్‌కి ఆటోసేవ్ 2007 జనవరిలో వచ్చింది. నెట్ పోతే అదీ చేతులెత్తేసేది. అందుకని 2013లో పదిహేను సెకన్లకోసారి బ్రౌజర్‌లోనే ఒక కాపీ దాచడం మొదలుపెట్టారు. అదీ లేని దరఖాస్తు పెట్టెల ముందు జనం తమ ఉపాయం తామే చూసుకున్నారు: ముందు నోట్‌ప్యాడ్‌లో కొట్టుకుని, తరవాత అతికించడం. తెలిసినవాళ్లంతా ఇచ్చే సలహా ఇదే. చిత్రమేమంటే, 1985 నాటి తొలి విండోస్ నుంచీ ఉన్న ఆ నోట్‌ప్యాడ్‌కి తనంత తానుగా రాతను దాచుకునే తెలివి చాలా ఏళ్లు ఉండేది కాదు. సేవ్ చేయకుండా మూసినా తిరిగి తెరిస్తే రాసింది కనిపించే ఏర్పాటు విండోస్ 11లో, 2023లో గాని దానికి రాలేదు.