గ్యాలరీతో ఒప్పందానికి ముందు కళాకారులు తెలుసుకోవాల్సినవి

మన దేశంలో ఆర్ట్ గ్యాలరీలు చాలావరకు కళాకారుల దగ్గర చిత్రాలు కొనవు, అమ్మిపెట్టేందుకు తీసుకుంటాయి. అమ్ముడయ్యేదాకా చిత్రం కళాకారుడిదే. అమ్మాక గ్యాలరీ సాధారణంగా 30 నుంచి 50 శాతం కమీషన్ తీసుకుంటుంది. డబ్బు చేతికి రాకముందే చిత్రం చెయ్యి దాటిపోతుంది కాబట్టి, నోటిమాట మీద నడిస్తే నష్టపోయేది ఎక్కువగా కళాకారులే.

ఎలాంటి గ్యాలరీ?

అన్ని గ్యాలరీలూ ఒకే పద్ధతిలో పనిచేయవు. ముంబైలో 1952లో ప్రారంభమైన జహంగీర్ ఆర్ట్ గ్యాలరీలో కళాకారులు దరఖాస్తు చేసుకుని, ఎంపికైతే అద్దె చెల్లించి ప్రదర్శన పెట్టుకుంటారు. వాణిజ్య గ్యాలరీలైతే తమ అభిరుచికి తగినవారిని ఎంచుకుని, ప్రచారం, అమ్మకం తామే చూసుకుంటాయి. అందుకే సంప్రదించే ముందు ఆ గ్యాలరీ ప్రదర్శనలు రెండు మూడైనా చూడాలి.

ఏం సిద్ధం చేసుకోవాలి?

తలా ఒక తీరుగా ఉన్న యాభై చిత్రాలకన్నా, ఒకే ఆలోచనతో సాగిన పదిహేను చిత్రాలు మేలు. ప్రతిదానికీ మంచి ఫొటో, పేరు, మాధ్యమం, కొలతలు, సంవత్సరం, ధర రాసి ఉంచాలి. గ్యాలరీలో లక్ష పలికే చిత్రాన్ని ఇంటి దగ్గర అరవై వేలకు ఇస్తే గ్యాలరీ నమ్మకమూ పోతుంది, కొన్నవారి నమ్మకమూ పోతుంది.

కాగితం మీద ఏముండాలి?

ఇచ్చిన చిత్రాల జాబితా, ధరలు, కమీషన్, గడువు ఉండాలి. అమ్మిన ఎన్ని రోజులకు డబ్బు ఇస్తారు, డిస్కౌంట్ ఎవరి వాటాలోంచి పోతుంది, ఫ్రేమింగ్, రవాణా, బీమా ఖర్చులు ఎవరివి, చిత్రం పాడైతే బాధ్యత ఎవరిది, అమ్ముడుపోనివి ఎప్పుడు తిరిగొస్తాయి అన్నవీ స్పష్టంగా రాసుకోవాలి.

చట్టం ఏమంటోంది?

1957 కాపీరైట్ చట్టం ప్రకారం చిత్రం అమ్మినంత మాత్రాన దాని కాపీరైట్ కొన్నవారికి చెందదు. రాతపూర్వకంగా బదిలీ చేయాల్సిందే. అయితే ఎవరైనా డబ్బిచ్చి ప్రత్యేకంగా వేయించుకున్న చిత్రానికి, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైట్ వేయించుకున్నవారిదే.

57వ సెక్షన్ కళాకారుడి పేరుకు, కృతి సమగ్రతకు రక్షణ ఇస్తుంది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడమీది అమర్‌నాథ్ సెహగల్ కంచు శిల్పాన్ని 1979లో ఊడదీసినప్పుడు అది దెబ్బతింది. 2005లో ఢిల్లీ హైకోర్టు ఈ సెక్షన్ ఆధారంగానే ఆయనకు 5 లక్షల రూపాయల పరిహారం, శిల్పం శకలాలు తిరిగి ఇవ్వాలని తీర్పు చెప్పింది.

53ఏ సెక్షన్ కింద, అసలు చిత్రం మళ్లీ 10 వేల రూపాయలకు మించి అమ్ముడైతే అందులో 10 శాతానికి మించకుండా కళాకారుడికి వాటా కోరే హక్కుంది. కానీ చిత్రం ఎవరి దగ్గరుందో తెలియకపోతే ఆ హక్కును వాడుకునే దారి ఉండదు. అందుకే కొన్నవారి వివరాలు తనకు ఇవ్వాలన్న షరతును కళాకారుడు మొదటి ఒప్పందంలోనే రాయించుకోవాలి.