బారామహల్ చెరువులు – సుస్థిరాభివృద్ధి

సుస్థిరాభివృద్ధి అనే మాట ఈ రోజుల్లో ప్రతి సభలోనూ వినిపిస్తోంది. 1987లో బ్రంట్‌లాండ్ సంఘం నివేదిక దానికి చెప్పిన అర్థం క్లుప్తంగా ఇంతే: ఇప్పటివాళ్ళ అవసరాలు తీరాలి, రేపటివాళ్ళ అవసరాలకు గండి పడకూడదు. గండి అనే మాట నేను కావాలనే వాడాను. ధర్మపురిలో ఈ సంగతి చెరువుల దగ్గరే బాగా తెలుస్తుంది. (గోదావరి ఒడ్డు ధర్మపురి కాదు, పూర్వం తగడూరు అనిపించుకున్న మన ధర్మపురి.)

కావేరి ఈ జిల్లా అంచునే లోతున పారిపోతుంది. పొలాలేమో మెట్టన, నేల కింద గట్టి రాయి. వాననీటిని ఆపుకోవటం తప్ప దారి లేదు. అందుకే మన పెద్దలు వాగులకు అడ్డంగా కట్టలు వేసి, పై చెరువు మరవ పారితే ఆ నీళ్ళు కింది చెరువుకు చేరేటట్టు గొలుసుగా కట్టుకున్నారు.

చెరువు కట్టటం కంటే నిలుపుకోవటం కష్టం. తెలుగు సీమల్లో దశబంధం అనే ఏర్పాటు ఉండేది. చెరువు కట్టించినవాళ్ళకో, బాగుచేయించినవాళ్ళకో కొంత మాన్యం ఇచ్చేవారు. అది అనుభవించినంతకాలం చెరువు మంచిచెడ్డలు ఆ ఇంటివాళ్ళవే. తమిళులు కుడిమరామత్తు అనేది ఊరందరి పని: పూడిక తీయటం, కట్ట మీద మట్టి వేయటం. తూము తీసి వంతు ప్రకారం మడులకు నీళ్ళు పారించటానికి నీరుగంటి ఉండేవాడు. అది రామరాజ్యమని నేననను. మట్టి మోసినవాళ్ళలో ఎందరికో ఆయకట్టులో సెంటు భూమి లేదు. అయినా చెరువు ఎవరి బాధ్యతో అందరికీ తెలుసు.

1792లో శ్రీరంగపట్నం సంధితో టిప్పు సుల్తాను చేతిలోంచి బారామహల్ కంపెనీకి వచ్చింది. శిస్తు నిర్ణయానికి వచ్చిన కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ సహాయకుల్లో థామస్ మన్రో ఒకడు. 1799 దాకా ఇక్కడ పనిచేశాడు. ఆ తరువాత దత్తమండలాల్లో అతను నడిపిన రైతువారీ పద్ధతికి ఓనమాలు దిద్దుకున్నది ఈ సీమలోనే. మన్రో పేరు చెబితే రాయలసీమలో ఇప్పటికీ గౌరవమే, అది న్యాయమే కూడా. మధ్యవాళ్ళను తప్పించి రైతుతోనే లెక్క తేల్చాడు. కానీ ఎవరి పొలం వారిది, ఎవరి శిస్తు వారిది అయ్యాక, అందరిదీ అయిన చెరువు ఎవరి లెక్కలోనూ పడలేదని నాకనిపిస్తుంది. 1858 నాటికి మద్రాసు ప్రభుత్వం, ఆచారంగా చేయవలసిన కట్ట పని చేయనివాళ్ళకు జరిమానా వేసే చట్టం తేవలసి వచ్చింది. అప్పుడు మనది సేలం జిల్లా (1965లో గదా ధర్మపురి విడి జిల్లా అయింది). 1876–78 కరువు ఆ జిల్లాను ఘోరంగా దెబ్బతీసింది.

చెరువును నమ్ముకోలేనివాడు బావి తవ్వుకున్నాడు. కపిలతో తోడిన బావికి ఎద్దుల సత్తువే హద్దు. మోటారు వచ్చాక ఆ హద్దు పోయింది. తరువాత రాతిని తొలిచే బోర్లు వచ్చాయి. 1990 దశకం మొదలయ్యేసరికి తమిళనాట సేద్యపు కరెంటు ఉచితమైంది. ఎండిన చెరువు కింద భూమిలోకి నీరు ఇంకటం తగ్గింది, పైనుంచి తోడటం పెరిగింది.

రాతి పొరల్లో చాలాకాలం నిలిచిన నీళ్ళలోకి రాయిలోని ఫ్లోరైడు కరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగటానికి పనికిరాదు. ధర్మపురిలో ఎన్నో బోర్ల నీళ్ళు ఆ హద్దు దాటాయి. మన దేశంలో ఎముకలను వంచే ఈ జబ్బును వైద్యులు మొదట 1937లో గుర్తించింది అప్పటి నెల్లూరు జిల్లాలో. నల్లగొండ గోడు అందరూ ఎరిగినదే. పసితనంలో పళ్ళు లోపల తయారవుతున్నప్పుడే ఈ నీళ్ళు తాగిన పిల్లలకు వచ్చే పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు పడతాయి. అవి తోమితే పోవు. బోరు వేసింది తండ్రి, మచ్చ పడింది బిడ్డకు. బ్రంట్‌లాండ్ నివేదికకు ఇంతకన్న మంచి వ్యాఖ్యానం నాకు దొరకలేదు.

జపాను అప్పుతో కట్టిన హొగెనకల్ తాగునీటి పథకం 2013లో ప్రారంభమైంది. కావేరి నీళ్ళు గొట్టాల్లో ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల ఊళ్ళకు వస్తున్నాయి. అది గొప్ప మేలు. అయితే అవి తాగటానికే, పైరుకు కాదు. 2017లో తమిళనాడు ప్రభుత్వం కుడిమరామత్తు అన్న పాత పేరుతోనే చెరువుల పని మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి పూడిక తీసింది ప్రభుత్వపు డబ్బుతో, యంత్రాలతో. ఏటేటా ఆ పని చూడవలసింది ఎవరో ఊళ్ళలో ఇంకా తేలలేదు. మన ఇళ్ళలో పిల్లలకు మరవ, తూము, నీరుగంటి అనే మాటలు చెబితే, అవేమిటని అడుగుతున్నారు.