మడత కత్తి, మడవని కత్తి

మొరటు పనికి కత్తి ఎంచుకునేటప్పుడు ముందు చూడవలసింది కీలు. మడవని కత్తిలో అలుగు, పిడిలోకి దిగే ఉక్కు ఒకే ముక్క. కట్టె చీల్చడానికి అలుగు వీపు మీద దుడ్డుకర్రతో మోదినా తట్టుకుంటుంది. మడత కత్తిలో ఆ దెబ్బంతా కీలు చీల మీద, తాళం మీద పడుతుంది. తాళం జారిందంటే అలుగు వేళ్ల మీదికే మూసుకుంటుంది.

గట్టి మడత కత్తులకు అమెరికాలో 1964లో వచ్చిన బక్ 110 మంచి ఉదాహరణ. అలుగు 3.75 అంగుళాలు, తాళం వీపు వైపు, పిడి కొసలకు ఇత్తడి, బరువు సుమారు 200 గ్రాములు. వేటగాళ్లు చర్మం ఒలవడానికి ఇది చాలు, కట్టె చీల్చడానికి మాత్రం కాదు. పైగా నెత్తురు, కొవ్వు కీలులో చేరితే కడగడం పెద్ద తలనొప్పి. ఇంతకంటే తక్కువ బరువుకే మడవని స్వీడన్ మోరా కత్తి ఒరతో సహా దొరుకుతుంది.

జేబులో ఇమడడమే మడత కత్తికి అసలు బలం. చట్టం దగ్గర మాత్రం మడత ఒక్కటే చాలదు. బ్రిటన్‌లో తగిన కారణం లేకుండా బయట వెంట ఉంచుకోదగినది తాళం లేని, పదునంచు 3 అంగుళాలు మించని మడత కత్తే. బక్ 110 ఆ రెండు షరతులకూ నిలవదు.